మా ముఖాలకు వెలుతురు చాలదా?

రాత్రి పదకొండు దాటింది. ఒక జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర నేనూ, నా మిత్రుడూ నిలబడి ఫోటోలు తీస్తున్నాం. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం కెమెరా. జేబులో పట్టదు గానీ భుజాన వేసుకుంటే ఉన్నట్టే తెలియని చిన్న మిర్రర్‌లెస్ కెమెరా. ఇద్దరం తీస్తున్నదీ ఒకటే. చాయ్ గిన్నె మీంచి లేస్తున్న ఆవిరి, దాని వెనక టీ పోస్తున్న మనిషి.

గస్తీ కానిస్టేబుల్ బండి ఆపాడు. ముందు నా మిత్రుణ్ణి అడిగాడు. 'పేపరా సార్, టీవీనా?' 'ఏం లేదు, సరదాకి' అన్నాడు మిత్రుడు. 'మంచిగుంది సార్' అని కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. 'మీ పేరు సార్?' చెప్పాను. ఆ తర్వాత 'సార్' లేదు. 'మీరు' కూడా లేదు. 'ఎక్కడుంటవ్? రాత్రిపూట ఈడ ఫోటోలెందుకు? ఆ కెమెరా ఇటియ్యి.'

ప్రెస్ కార్డు చూపించాను. కార్డు మీద కూడా అదే పేరుంది కాబట్టి అది పెద్దగా పనిచేయలేదు. అతను ఒక్కో ఫోటో తిప్పి చూశాడు. ఆవిరి, గ్లాసులు, నిద్రపోతున్న కుక్క, బస్టాండు. 'బస్టాండు ఎందుకు తీసినవ్?' అన్నాడు. నా మిత్రుడి కెమెరాలోనూ అదే బస్టాండు ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

తిరిగి వస్తూ మిత్రుడు నా భుజం తట్టాడు. 'ఏదో డ్యూటీ చేశాడులే, పట్టించుకోకు' అన్నాడు. పట్టించుకోకుండా ఉండగలగడం కూడా ఒక హక్కే. అది అతనికి పుట్టుకతో వచ్చింది. నాకు రాలేదు.

ఇది ఆ కానిస్టేబుల్ మీద రాస్తున్న వ్యాసం కాదు. అతని గురించి మా వాళ్లు చాలా రాశారు, ఇంకా రాస్తారు. ఇది నా మిత్రుడి గురించి, అతను తీసే మంచి ఫోటోల గురించి. సెక్యులర్ మిత్రులు ఎంతో ప్రేమతో తీసే మా రాత్రుల గురించి. చివరికి నా గురించి కూడా.

రాత్రి ఫోటో తీయడానికి ఒకప్పుడు మూడుకాళ్ల స్టాండు కావాలి. ఫిల్మ్ రోజుల్లో నాలుగు వందల స్పీడు రీలు దొరికితే అదే గొప్ప. ఇప్పుడు ఆ అవసరం లేదు. ప్రయాణంలో స్టాండు మొయ్యడం కష్టం. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి. పండగ రద్దీలో పెడితే జనం కాళ్లకు తగులుతుంది. అందుకే చేత్తో పట్టుకుని తీయడం. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. అద్దం లేదు కనుక శరీరం చిన్నది. అద్దం పైకి లేచి పడే అదురు లేదు. కన్ను పెట్టి చూసే చోట చిన్న తెర ఉంటుంది. ఫోటో ఎంత వెలుతురుతో రాబోతోందో నొక్కకముందే అందులో కనపడుతుంది. చెయ్యి వణికితే ఆ వణుకుకు ఎదురుగా లోపలి సెన్సర్ కదిలి సర్దుకునే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంది. ఐదు దిక్కుల వణుకును సరిచేసే పద్ధతిని 2012లో ఒలింపస్ తన చిన్న కెమెరాలో పెట్టింది. 2014లో సోనీ వాళ్ల ఒక కెమెరా ఐఎస్‌ఓను 4,09,600 దాకా తీసుకుపోయింది. చీకటి అన్నది ఇక కెమెరాకు సాకు కాదు.

మరి మా ముఖాలు ఎందుకు కనపడవు?

రంజాన్ నెలలో చార్మినార్ దగ్గరకు కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్లను చూడండి. బెంగళూరు నుంచి, పూణే నుంచి, విదేశాల నుంచి వస్తారు. మన తెలుగు మిత్రులూ గుంపులుగా వస్తారు. హలీం తింటారు. 'మీ కల్చర్ ఎంత రిచ్ సార్' అంటారు. తెల్లారేసరికి ఫోటోలు వస్తాయి. నేను అటువంటివి కొన్ని వందలు చూశాను. జర్నలిస్టును కాబట్టి కొన్నిటికి కింద వాక్యాలు రాసిన పాపం కూడా నాదే. అన్నిట్లోనూ చార్మినార్ అద్భుతంగా ఉంటుంది. 1591లో కట్టిన సున్నపు పనిలో ఒక్కో పువ్వూ లెక్కపెట్టొచ్చు. దాని కింద నల్లగా, పొగలాగా, చెరిగిపోయిన ఆకారాలు కొన్ని పోతుంటాయి. అవి మేము.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే రాజకీయం ఉన్నది ఇక్కడే.

కెమెరాలోని ఏర్పాటు తీసేవాడి చేతి వణుకును సరిచేస్తుంది. ఎదుటి మనిషి కదలికను సరిచేయదు. ఫోటోలో చుక్కలు పడకూడదు, నున్నగా రావాలి అనుకునేవాడు ఐఎస్‌ఓ రెండు వందల దగ్గర ఉంచుతాడు. ఆ వెలుతురుకు షట్టర్ అరసెకను తెరిచి ఉండాలి. ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, స్తంభానికి ఒరిగి అరసెకను నిలబడితే కొత్త కెమెరాలతో చేత్తోనే తీయొచ్చు. రాయి కదలదు కాబట్టి రాయి పదునుగా వస్తుంది. మనిషి బతికి ఉన్నాడు కాబట్టి కదులుతాడు. కదిలాడు కాబట్టి చెరిగిపోతాడు. కట్టడం నిలుస్తుంది, కట్టినవాడి మనవడు దయ్యమవుతాడు.

మనిషి ముఖం కావాలనుకుంటే ఇంకో దారి ఉంది. లెన్సు నోరు ఎఫ్ 1.8 దాకా తెరవాలి. షట్టర్ సెకనులో నూట ఇరవై ఐదో వంతుకు తేవాలి. బజారు దీపాల కింద ఐఎస్‌ఓ పదహారు వందలు, గల్లీలోకి పోతే 6400, ఇంకా చీకటైతే ఇంకా పైకి. ఐఎస్‌ఓ పెంచినంత మాత్రాన కొత్త వెలుతురు పుట్టదు. ఉన్న కొద్దిపాటి వెలుతురునే పెద్దది చేసి చూపిస్తుంది. దానితో పాటు చుక్కలు కూడా పెద్దవవుతాయి. ఫోటో గరుకుగా ఉంటుంది. పోటీలకు పంపితే 'నాయిస్' అని పక్కన పడేస్తారు. కానీ అందులో గాజుల షాపు ముందు బేరమాడుతున్న ఆడమనిషి కళ్లు కనపడతాయి. ఆమె నవ్వు కనపడుతుంది. జేబులో డబ్బులు రెండోసారి లెక్క పెట్టుకుంటున్న ఆమె భర్త వేళ్లు కనపడతాయి.

అంటే నున్నటి రాయి కావాలా, గరుకు మనిషి కావాలా అన్నది తీసేవాడు ఎంచుకుంటాడు. కెమెరా కాదు. 'రాత్రి కదా, అంతే వస్తుంది' అంటే ఒప్పుకోను. అదే మిత్రులు తమ ఇంటి పెళ్లి రాత్రికి ఐఎస్‌ఓ 6400కి వెనకాడరు. పెళ్లిలో పెళ్లికూతురు ముఖం కావాలి. పాతబస్తీలో 'మూడ్' కావాలి.

ఈ మూడ్ అనేదాన్ని కూడా కొంచెం విప్పి చూద్దాం. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది. దానికి మనుషులు తెలియరు. ఎదురుగా ఉన్నదంతా కలిపి, పడిన వెలుతురులో నూటికి పద్దెనిమిది పాళ్లు వెనక్కి పంపే ఒక బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. నల్ల బురఖా ఫ్రేము నిండా ఉంటే దాన్నీ బూడిద చేస్తుంది. తెల్ల లాల్చీలు బారులు తీరితే వాటినీ బూడిద చేస్తుంది. యంత్రం చేసే తప్పు ఇది. నల్లను నల్లగా, తెల్లను తెల్లగా ఉంచడానికి మనిషి సరిచేసుకోవాలి. కానీ మా దగ్గరికొచ్చేసరికి మిత్రులు సరిచేయడం ఆపరు. ఇంకా తగ్గిస్తారు, ఇంకా నలుపు చేస్తారు. టోపీ అంచు, గడ్డం అంచు, మీనారు అంచు మిగులుతాయి. మసీదు ట్యూబ్‌లైటు ఆకుపచ్చను ఇంకా ఆకుపచ్చ చేస్తారు. గల్లీల్లో వీధిదీపాలు తెల్లని ఎల్‌ఈడీలు అయి ఏళ్లయింది. ఫోటోల్లో మాత్రం పాత సోడియం దీపాల పసుపు ఇంకా పోలేదు. తర్వాత కూర్చుని పూసుకుంటారు. పాతబస్తీ పాతగానే ఉండాలి కదా!

చీకటి మా దగ్గర లేదు. అది మీరు తగ్గించిన కొలతలో ఉంది.

ఈ చీకటి ఎవరికి పనికొస్తుందో తెలుసా? అదే ఫోటో రంజాన్ ప్రత్యేక సంచికలో 'దివ్య శోభ' అవుతుంది. మూడు నెలల తర్వాత ఎక్కడో బాంబు పేలితే అదే ఫోటో 'నీడల్లో ఉగ్రవాదం' అవుతుంది. ముఖం లేని మనిషిని దేనికైనా వాడుకోవచ్చు. ముఖం ఉంటే అది ఫలానా గల్లీ, ఫలానా టైలరు అని తెలిసిపోతుంది. నీడకు గల్లీ లేదు, పేరు లేదు, పని లేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లే చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే, పదుల సంఖ్యలో. వాళ్ల మీది కేసులు కోర్టుల్లో నిలవలేదు. ఆ కుర్రాళ్లను మీరు అంతకు ముందు ఎప్పుడైనా ముఖంతో చూశారా? చూసి ఉంటే నమ్మడం కొంచెం కష్టమయ్యేదేమో.

ముఖం తీసేవాళ్లు అసలు లేరని కాదు. ఉన్నారు. మా ముఖం పదునుగా, నున్నగా తీసేది ప్రభుత్వం ఒక్కటే. పోయిన దశాబ్దంలో 'ఆపరేషన్ చబుత్రా' అని పెట్టి, రాత్రిపూట అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునే కుర్రాళ్లను స్టేషన్లకు పట్టుకుపోయారు. 2021లో లాక్‌డౌన్ రోజుల్లో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్క్ తీయమని, ఆయన వద్దన్నా ఫోటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లాడు. అంటే లెక్క ఇదీ. కళాకారుడికి మా ముఖం అక్కర్లేదు, పోలీసుకు కావాలి. ఒకడు చెరిపేస్తాడు, ఇంకొకడు భద్రపరుస్తాడు. ఇద్దరూ మమ్మల్ని అడగరు.

ఇక మా లోపలి మాట. ఇది చెప్పకుండా పైదంతా చెప్పడం నిజాయితీ కాదు.

'తస్వీర్ హరామ్' అని మాకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. మా నానీ బతికినంత కాలం ఒక్క ఫోటో దిగలేదు. ఆమె పోయాక వెతికితే ఓటరు గుర్తింపు కార్డు మీది ఫోటో ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం అడిగితే దిగింది, మనవడు అడిగితే దిగలేదు. బయటివాడు మమ్మల్ని నీడగా తీస్తున్నాడని ఇంత అరుస్తున్నాం. ఇంట్లో ఆడవాళ్లను ఆ నీడగానైనా ఉంచామా? హజ్‌కు పోవడానికి పాస్‌పోర్టు ఫోటో దిగే మౌల్వీ సాహెబులు, కూతురు కాలేజీ గ్రూప్ ఫోటోలో ఉంటే ఇల్లు పీకి పందిరి వేస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌కు 'ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. దీన్ దయాళ్ జైనుడు. ఒక ముస్లిం రాజు ఒక జైనుడికి ఉర్దూ మాటతో పట్టం కట్టి, బొమ్మ తీసేవాణ్ణి దర్బారులో నిలబెట్టాడు. ఆ బొమ్మల్లో ఉన్నది రాజులూ, దొరలూ, వేటలూ, మహళ్లే అన్నది వేరే గొడవ. కానీ హైదరాబాదు ముస్లింకు ఫోటో కొత్తా కాదు, పరాయిదీ కాదు. దాన్ని పరాయి చేసుకున్నది మనమే. మనం వదిలేసిన కెమెరా వేరేవాళ్ల చేతుల్లోకి పోయింది. పోయాక ఇప్పుడు ఏడుస్తున్నాం.

ముస్లిం అంటే చార్మినారూ, హలీమూ మాత్రమే కాదు కదా. నేను ఈ చిన్న కెమెరా వేసుకుని మొహర్రం రోజుల్లో ఊళ్లు తిరుగుతాను. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరకు వచ్చే జనంలో ఎవరు హిందువో, ఎవరు ముస్లిమో చెప్పమంటే చెప్పలేరు. తెలంగాణ పల్లెల్లో పీర్ల చావిడి ముందు గుండం వెలుగు ఒక్కటే దీపం. ఆ వెలుగు నిలకడగా ఉండదు. లేస్తుంది, పడుతుంది. మీటరు పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. అందుకే కొలత చేత్తో పెట్టుకుంటాను. మంట కాదు, మంట పడిన ముఖం చూసి పెట్టుకుంటాను. మంట తెల్లగా తేలిపోతే పోనీ. పీరు ఎత్తుకున్న మాదిగాయన, ఊదు వేస్తున్న ఫకీరు, దట్టీ కడుతున్న గొల్లామె ముఖాలు ఉండాలి.

ఈ ఊళ్లకూ ఇప్పుడు 'ఇది షిర్క్, ఇది ఇస్లాం కాదు' అని చెప్పేవాళ్లు వచ్చారు. అరబ్బు దేశం చూపించి మా ఊరిని చిన్నబుచ్చుతారు. పీర్ల మీద బతికే ఫకీర్లను, దూదేకులను 'మీరేం ముసల్మాన్లు' అంటారు. ఇటు వీళ్లు మమ్మల్ని సరైన ముస్లిం కాదంటారు. అటు వాళ్లు సరైన భారతీయుడు కాదంటారు. ఇద్దరి ఫ్రేములోనూ ఈ గుండం వెలుగు పట్టదు. అందుకే నేను తీస్తాను. పదేళ్ల తర్వాత ఈ రాత్రులు ఉంటాయో ఉండవో.

ఒక చావిడి దగ్గర ముసలి ఫకీరామె నన్ను ఆపింది. 'ఏం దీస్తున్నవు బిడ్డా, చూపియ్యి' అంది. కెమెరా వెనక తెర మీద చూపించాను. చాలాసేపు చూసింది. 'గిన్ని చుక్కలున్నయేంది?' అంది. చీకటి కదమ్మా అన్నాను. 'అయితే ఏమాయె, నేను నేనే గుర్తువడుతున్న' అంది. ఫోటోగ్రఫీ మీద నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

అయితే నేను మాత్రం అన్నిసార్లూ అడిగి తీశానా? లేదు.

ఈ కెమెరాల్లో చప్పుడు లేని షట్టర్ ఉంది. పాత కెమెరాకు అద్దం పడే చప్పుడుండేది. ఆ 'ఠక్' ఒక సలాం లాంటిది. 'నేనిక్కడున్నాను, నిన్ను తీశాను' అని చెప్పేది. ఎదుటివాడు తిట్టడానికైనా వీలుండేది. ఇప్పుడది లేదు. కొన్నేళ్ల కింద ఒక ఉర్సు రాత్రి దర్గా గోడకు ఆనుకుని కూర్చున్న ఒక తల్లిని ఇలాగే చప్పుడు లేకుండా తీశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లనిండా నీళ్లు. ముఖం పదునుగా వచ్చింది. నేను పైన చెప్పిన సూత్రాలన్నీ పాటించాను. మా పేపరు ఆదివారం పేజీలో వేశారు. కింద నేనే రాశాను, 'భక్తి పారవశ్యం' అని.

నాలుగు రోజులకు ఆమె కొడుకు ఆఫీసుకు వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. మెల్లగా మాట్లాడాడు. 'భాయ్, మా అమ్మీ ఆ రోజు దువా చేయనీకి పోలేదు. మిత్తి పైసలోడు ఇంటి ముందల కూసుంటే దర్గాకు పోయి దాక్కున్నది. మీ పేపర్ల చూసి గల్లీల అందరికీ తెలిసింది ఆమె ఆడున్నదని. వాడికి గూడ తెలిసింది' అన్నాడు. ఇంకేమీ అడగలేదు. పేపరు ఒక కాపీ అడిగి తీసుకుపోయాడు.

నేను ముస్లింను. ఉర్దూ తెలిసినవాణ్ణి. ఆ దర్గాకు చిన్నప్పటి నుంచి పోతున్నవాణ్ణి. అయినా ఆమె అప్పును భక్తి చేశాను. బయటివాళ్లు మా మీద చేసేదే నేను ఆమె మీద చేశాను. ముఖం తీస్తే సరిపోదు. ఆ ముఖం ఏం చెబుతోందో ఆమెనే అడగాలి. తర్వాత వాళ్లింటికి పోయాను. ఆమె తిట్టలేదు, చాయ్ ఇచ్చింది. కెమెరా సంచీలోంచి తీయలేదు. అప్పటి నుంచి చప్పుడు లేని షట్టర్ ఆపేశాను. ఎక్కడైనా చప్పుడు వద్దు అనిపిస్తే అక్కడ ఫోటోనే వద్దు అని అర్థం.

సెక్యులర్ మిత్రులు ఇప్పుడు ఒక మాట అంటారని నాకు తెలుసు. 'వెలుతురుకు మతం లేదు, కళలోకి ఇదంతా ఎందుకు తెస్తారు' అని. వెలుతురుకు మతం లేదు, నిజమే. కానీ వెలుతురు ఎవరి మీద ఎంతసేపు పడనివ్వాలో నిర్ణయించే వేలికి పేరుంది, కులముంది, ఊరుంది. రాత్రి పదకొండు తర్వాత ఆ వేలు కెమెరా మీద ఉండొచ్చా లేదా అన్నది కూడా దాని పేరును బట్టే తేలుతోంది. అది చూశాక కూడా కళ వేరు, రాజకీయం వేరు అంటే నేనేం చెప్పను?

మీరు రావొద్దని నేను అనడం లేదు. రండి. స్టాండు లేకుండా రండి, చిన్న కెమెరాతో రండి. చార్మినార్ నాలుగొందల ఏళ్లుగా అక్కడే ఉంది, రేపూ ఉంటుంది. దాన్ని పగలు తీసుకోండి. రాత్రి మాత్రం మనుషుల్ని తీయండి. లాడ్ బజార్ గాజుల మెరుపు తీసేముందు, వెనక గల్లీలో వేడి లక్కను వేళ్లతో వత్తే ఆమెను అడగండి. సెహ్రీ దాకా రిక్షా తొక్కినవాణ్ణి అడగండి. 'వద్దు' అంటే కెమెరా దించండి. 'సరే' అంటే షట్టర్ వేగం మనిషికి తగ్గట్టు పెట్టండి, రాయికి తగ్గట్టు కాదు. తీసింది వాళ్లకు చూపించండి. పేరు అడిగి రాయండి. మీ పక్కన నిలబడిన మిత్రుణ్ణి పోలీసు ఆపితే, మీ కెమెరా కూడా ముందుకు చాచి 'నా ఫోటోలు కూడా చూడండి' అనండి. సెక్యులరిజం అంటే నాకు తెలిసింది అంతే.

మా కుర్రాళ్లకు, మా ఆడపిల్లలకు ఒక మాట. కెమెరా కొనుక్కోండి. కొత్తది అక్కర్లేదు, వాడినది కొనుక్కోండి. ఫోనున్నా చాలు. అమ్మీని తీయండి, నానీని తీయండి, చబుత్రా మీద కూర్చున్న దోస్తును తీయండి. అడిగి తీయండి. చుక్కలు పడితే పడనీయండి. నున్నగా ఉండడం మాకెప్పుడూ కుదరలేదు, ఫోటోలో మాత్రం ఎందుకు కుదరాలి? మనల్ని మనం గుర్తుపట్టగలిగితే చాలు.